పారిపోని వేట

కుందేలన్నాక పారిపోవాలి. అది పారిపోతుంది కాబట్టే పట్టినవాడికి పేరు. అరకు నుంచి పాడేరు వెళ్ళే రోడ్డులో జీపు దిగి గంటసేపు కొండెక్కితే వచ్చే జాకరపుట్టులో ఆ పేరు ముప్ఫై ఏళ్ళుగా సోంబరుది. అలాంటి సోంబరు కాలి బొటనవేలిని, ఫిబ్రవరి నెలలో ఒక పొద్దున, అతని సొంత కాఫీ తోటలో, ఒక తెల్ల కుందేలు వచ్చి వాసన చూసింది.

చూసి ఊరుకోలేదు. గోరు కొరికింది.

అంతకుముందు దూరం నుంచి అతను వాటిని టూరిస్టులు పారేసిన ప్లాస్టిక్ కవర్లనుకున్నాడు. సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల నీడలో, తెల్లవీ బూడిదవీ కలిపి తొమ్మిది. ఈ కొండల్లో అంత తెల్లటిది కవరు తప్ప ఇంకోటి ఉండదు. ఉంటే ఎవరో ఎప్పుడో తినేసి ఉంటారు. తిట్టుకుంటూ ఏరబోతే కవర్లకు చెవులున్నాయి.

"హుష్!" అన్నాడు, కాలు నేలకేసి తన్ని.

తొమ్మిదీ దగ్గరికి వచ్చాయి.

వేటగాడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? దొంగ ఎదురొచ్చి పోలీసు భుజం మీద చెయ్యేసినట్టుంది. సోంబరు చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. మనిషికి సిగ్గు లోపల పుడుతుందంటారు గానీ అది అబద్ధం. సిగ్గు చుట్టూ చూసేటప్పుడే పుడుతుంది. చూసేవాళ్ళెవరూ లేరని తేలాక అతను నెమ్మదించి, కొరికినదాన్ని చెవులు పట్టుకుని పైకెత్తాడు. తిండి లేక ఎముకలు తగిలాయి. రెండు వారాలు మేపి తినాలనుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాల్లో వాయిదా అంత నాణ్యమైనది మరొకటి లేదు.

వాటి సంగతి తర్వాత తెలిసింది. కింద రోడ్డు పక్కనున్న రిసార్టులో, వచ్చినవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు దిగడానికి వాటిని పెంచారు. ఆ చోట ఈతకొలను కట్టాలని బుద్ధి పుట్టింది. మేనేజరు సురేష్ మంచివాడు, చంపడానికి మనసొప్పక, టమాటా ట్రేలో పెట్టించి కొండ మీద వదిలేయించాడు. కుందేళ్ళు కదా, అడవి వాటి పుట్టిల్లు అనుకున్నాడట. ఆ లెక్కన సురేష్‌ను తీసుకెళ్ళి ఏదో ఒక చెట్టు మీద కూర్చోబెడితే కోతుల్లో కలిసి బతికెయ్యాలి.

పుట్టింటివాళ్ళు మధ్యాహ్నానికి వచ్చారు. ఊరకుక్కలు రెండింటిని పట్టుకుపోయాయి. మిగిలిన ఏడింటినీ సోంబరు కోళ్ళ గంప కింద పెట్టి ఇంటికి తెచ్చాడు. గంప ఖాళీగానే ఉంది. కోళ్ళను ఆరేళ్ళ కిందట చిట్టెమ్మ తీసుకుపోయింది.

చిట్టెమ్మ అతని పెళ్ళాం. కొట్టాడనో తాగాడనో వెళ్ళిపోలేదు. "నీతో కాపురం కన్నా అడవిలో కూకుంటే మేలు. అడివైనా అప్పుడప్పుడు సప్పుడు సేత్తాది," అని చెప్పి, కోళ్ళ కాళ్ళకు తాడు కట్టి, ఊరి ఆ చివర ఖాళీగా ఉన్న అన్నగారి ఇంట్లో చేరింది. మిరియాలు అమ్ముకుంటుంది. ఎదురుపడితే పలకరిస్తుంది కూడా, ప్రభుత్వ ఉద్యోగిని పలకరించినట్టు.

ఏడు కుందేళ్ళు ఇంట్లో చేరాక సోంబరు ఒక సంగతి గమనించాడు. ఇవీ మాట్లాడవు. అరవవు, మూలగవు, అడగవు. ముక్కు కదుపుతూ కూర్చుంటాయి. కోపం వస్తే మాత్రం వెనక కాలితో నేల మీద ఒక్కటి చరుస్తాయి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో చిట్టెమ్మ దగ్గర తానూ సరిగ్గా అంతే చేశాడేమోనన్న అనుమానం వచ్చింది. అనుమానం వచ్చిన వెంటనే లేచి కట్టెలు కొట్టడానికి పోయాడు.

మూడో రోజుకు ఏడూ తిండి మానేశాయి.

అదృష్టం కొద్దీ ఆ రోజు పశువులకు టీకాలెయ్యడానికి గాయత్రి వచ్చింది. సచివాలయంలో పశువుల అసిస్టెంటు, పాడేరు పిల్ల, స్కూటీ వెళ్ళినంత దూరం స్కూటీ మీద, ఆపైన చెప్పులు చేతబట్టుకుని తిరిగే రకం. ఊరంతా డాట్రమ్మ అంటారు. సోంబరు ఆమెను ఇంటి ముందు ఆపి, గొంతు సవరించుకున్నాడు.

"డాట్రమ్మా, మా సుట్టం ఒకడున్నాడు. ఆడింట్లో కుందేళ్ళు తిండి తినట్లేదంట."

"ఏటి పెడతన్నాడు మీ సుట్టం?"

"సోడంబలి."

"కుందేలికి అంబలా! ఇంకా నయం, కల్లు పొయ్యలేదు."

సోంబరుకు ఆ ఆలోచన కూడా వచ్చి ఉంది.

"ఇల్లెక్కడ మావా, మీ సుట్టానిది?"

"దూరం."

లోపల నేల మీద దబ్బుమని చప్పుడైంది. గాయత్రి గుమ్మంలోకి తొంగి చూసింది. "దూరం నడిచి ఇంటికొచ్చీసినట్టుంది," అంటూ లోపలికి పోయింది.

ఆమెకు చూపించడానికి సోంబరు ఒకదాన్ని చెవులు పట్టి ఎత్తాడు. మణికట్టు మీద ఫెడీల్మని దెబ్బ పడింది.

"సెవులట్టుకుని ఎత్తుతావేటి! నిన్నలాగెత్తితే ఎలాగుంటాది?"

"మరెక్కడట్టుకోవాల?"

"ఒక సెయ్యి గుండెల కింద. ఒక సెయ్యి కూకునే దగ్గిర. ఎత్తింది ఒంటికి ఆనించుకోవాల. గాల్లో ఏలాడితే నడుం ఇరిగిపోద్ది."

ముప్ఫై ఏళ్ళలో ఎన్నో కుందేళ్ళను చెవులు పట్టుకునే మోశాడు. అవన్నీ చచ్చినవి. బతికున్నదాన్ని ఎలా ఎత్తుకోవాలో ఎవరూ నేర్పలేదు. చెప్పినట్టే పట్టుకుంటే, అది అతని మోచేతి సందులో ముక్కు దూర్చి ఊపిరి పీల్చింది. సోంబరుకు చెమట పట్టింది.

గాయత్రి వాటి పళ్ళు చూసింది, చెవుల్లో పురుగు చూసి మందు వేసింది, తోకలెత్తి చూసి మగవి మూడు, ఆడవి నాలుగు అని తేల్చి మధ్యలో వెదురు తడిక కట్టించింది. "ఎండుగడ్డి పెట్టు. పొద్దస్తమానం నవుల్తానే ఉండాల. పళ్ళు ఆగకుండా పెరుగుతాయి ఈటికి, అరిగిపోకపోతే నోరు మూతపడి సస్తాయి. ఎండలొస్తన్నాయి, మీద తడి గోనె కప్పు. నొప్పొచ్చినా సెప్పవు మావా ఇవి. ఒక పూట తినకపోతే బేగి నాకు ఫోన్ కొట్టు, రెండో పూట దాకా ఆగీకు."

"తినీడానికే కదా పెంచుతన్నాను," అన్నాడు సోంబరు, ఎవరో అడిగినట్టు.

"అలాగే," అంది గాయత్రి. పోతూ పోతూ, నేల చరిచిన ఆ పెద్ద తెల్లదానికి మేనేజరు అని పేరు కూడా పెట్టింది.

రెండు వారాలు గడిచాయి. ఆపైన ఇంకో రెండు. సోంబరు కొండ మీద గడ్డి కోసి, ఎండబెట్టి, మోపు కట్టి, పక్క దారిన ఇంటికి చేరేవాడు. ఆవు లేనివాడు గడ్డి మొయ్యడం ఊళ్ళో అందరికీ వారంలో తెలిసింది. కుందేళ్ళ సంగతి పది రోజుల్లో తెలిసింది. ఎవరూ అడగలేదు. జాకరపుట్టులో ఒక మనిషి రహస్యాన్ని అందరూ కలిసి దాచిపెడతారు, అవసరం వచ్చేదాకా.

అవసరం చైత్రంలో వచ్చింది.

చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్ళు విల్లూ బాణాలూ పట్టి వేటకు పోవాలి. తెచ్చినవాడికి ఆడవాళ్ళు డప్పులతో ఎదురొస్తారు. ఉత్త చేతులతో వచ్చినవాడికీ ఎదురొస్తారు, పేడ కలిపిన నీళ్ళ కుండలతో. మూడేళ్ళుగా కొండల్లో కుందేలు కాదు కదా, దాని పెంటిక కూడా కనబడడం లేదు. అందుకని మూడేళ్ళుగా మగవాళ్ళు శుక్రవారం సంతలో ఒక కోడిని కొని, అడవిలో దాని మెడ విరిచి, అడవికోడి అని తెస్తున్నారు. దానికి బాణం గుచ్చే పని సోంబరుది. పేరు అతనిది కదా. కిందటేడు చిట్టెమ్మ ఆ కోడిని చేతిలోకి తీసుకుని, కాలికి మిగిలిపోయిన సంత తాడు ముక్కను ఊరంతటికీ ఎత్తి చూపించింది.

"దీన్ని అడవి కట్టిందేటి, ఆవు దూడలాగ?" అంది. మగవాళ్ళెవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఆ ఏటికి పేడ తప్పింది.

ఈసారి కోడి తెస్తే చెల్లదని ఆడవాళ్ళు ముందే చాటారు. పేడ అప్పటి నుంచే ఏరి పెడుతున్నారు.

పండగకు నాలుగు రోజుల ముందు సాయంత్రం, ధనుంజయ్ అరుగు మీద మగవాళ్ళు జీలుగు కల్లు ముందు కూర్చున్నారు. ధనుంజయ్ ఊరి దిశారి. మంచి రోజూ చెడ్డ రోజూ, చెల్లేదీ చెల్లనిదీ అతనే చెప్పాలి. మాట మొదలెట్టింది సోంబరు మేనల్లుడు కామేష్.

"మావా, మనకి ఏడు కుందేళ్ళున్నాయి కదా."

ఊరి రహస్యం అరుగు మీద పడింది. దాని తెల్లటి వీపును అందరూ చూశారు.

"గంప కింద ఉన్నాది ఏట కాదురా," అన్నాడు ధనుంజయ్.

"అడవిలోకి తీస్కెల్లి ఇప్పీద్దాం. అప్పుడు?"

ధనుంజయ్ డొప్ప ఖాళీ చేసి ఆలోచించాడు. "అడవిలో ఎదురైందే ఏట. ఎలాగొచ్చిందని అడవి అడగదు, మనం అడక్కూడదు." మళ్ళీ ఒక చుక్క పోసుకున్నాడు. "మొదటి బాణం సోంబరుది. ఏటంటావు?"

అందరూ సోంబరు వైపు చూశారు. తల ఊగింది. ఊపింది తానేనని అతనికి ఇంటికి నడుస్తుంటే తెలిసింది. ముప్ఫై ఏళ్ళ పేరు మనిషికి ముందు నడుస్తుంది. అన్ని చోట్లా అదే సరే అని వచ్చేస్తుంది, మోసేవాడు మాత్రం వెనకాల వస్తాడు. ఏడు జంతువులు. పోతే పోనీ. పేడ పడితే? ఊరికి పేడ కొత్త కాదు, కానీ అతని మీద ఇంతవరకు పడలేదు. పడితే అతను ఎవరు? కాఫీ తోట ఉన్న, పెళ్ళాం లేని ఒక మనిషి.

మర్నాటికి మధ్యేమార్గం దొరికింది. పారిపోవడం నేర్పితే సరి. విల్లు కనబడగానే ఏడూ ఏడు దిక్కులకు పోతే, బాణం తప్పిందంటే తప్పు బాణానిది. అందరూ కలిసి పేడ పోయించుకుంటారు. అందరి మీదా పడే పేడ వానలాంటిది.

మూడు రోజులు నేర్పాడు. కంచం మీద గరిటెతో వాయించాడు. కుక్కలా అరిచాడు, యాభై నాలుగేళ్ళ మనిషి, నాలుగు కాళ్ళ మీద. మొదటి రోజు మేనేజరు బెదిరి మూలకు పోయాడు. సోంబరుకు సంతోషం వేసింది, ఆ వెంటనే పాపం బెదిరాడే అని ఇంత పచ్చగడ్డి పెట్టాడు. రెండో రోజూ వాయించి, బెదిరించి, పెట్టాడు. మూడో రోజు కంచం చేతిలోకి తీసుకోగానే ఏడూ తడిక దగ్గర వరస కట్టాయి.

పండగ రోజు కొండ మీద ఒక పల్లపు చోట గంప దించారు. పన్నెండు మంది మగవాళ్ళు. ఆరుగురు చుట్టూ పొదల వెనక డప్పులూ రేకు డబ్బాలూ పట్టుకుని నిలబడ్డారు, చప్పుడు చేసి వేటను తోలడానికి. సోంబరు ఎదురుగా, పాతిక అడుగుల్లో, విల్లు పట్టుకుని నిలబడ్డాడు. వేటలో ఇలాగే చేస్తారు. బెదిరిన జంతువు చప్పుడు లేని వైపుకు పరిగెడుతుంది.

గంప ఎత్తారు. ఏడూ కూర్చుని ముక్కులు కదిపాయి. ఒకటి చెవి గీరుకుంది.

"తోలండ్రా!" అన్నాడు ధనుంజయ్.

డబ్బాలు మోగాయి. ఏడు కుందేళ్ళూ చెవులు నిక్కించి, తిన్నగా, జాకరపుట్టు వేట చరిత్రలో ఏ జంతువూ పరిగెత్తనంత ఉత్సాహంగా, సోంబరు వైపు పరిగెత్తాయి. వచ్చి అతని కాళ్ళ చుట్టూ మూగాయి. మేనేజరు అతని ఎడమ పాదం మీద కూర్చుని, ముందు కాళ్ళు ఎత్తి మోకాలికి ఆనించాడు.

డబ్బాలు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నడివీధిలో పంచె ఊడిన పెద్దమనిషిని చూసినట్టు అందరూ పక్కకు చూశారు.

"కొట్టు," అన్నాడు ధనుంజయ్, చెట్టుతో చెబుతున్నట్టు.

సోంబరు నారి లాగాడు. చేతులకు పని తెలుసు, వాటికి అతనితో అవసరం లేదు. అతనికి కలిగింది జాలి కాదు. జాలి అయితే అణుచుకునేవాడు, అలవాటే. బాణానికి కాస్త దూరం కావాలి, అంతే. ముప్ఫై ఏళ్ళుగా తాను కొట్టినవన్నీ తనకు దూరంగా పోతున్నవే. పోయేదాన్ని ఆపడం ఒక్కటే అతనికి వచ్చు. దగ్గరికి వచ్చినదాన్ని ఏం చెయ్యాలో ఆ చేతులకు తెలీదు. పైగా ఇప్పుడు కొడితే పాదం కూడా పోతుంది.

నారి వదులు చేశాడు.

"పోనీ నాను కొడతాను," అని కామేష్ బూడిదరంగు దాని మీదికి విల్లెత్తాడు. "నువ్వు పక్కకి జరుగు మావా."

"కొట్టీకు."

"ఏటి?"

"కొట్టీకంటన్నాను కదా. కొడితే ముందు నన్ను కొట్టు, తేలిగ్గా తగుల్తాను."

"మావా, పేడ! నీకేటి, పెళ్ళాం లేదు. మా ఆవిడ నెల్రోజుల్నుంచి కుండలో నానబెడతన్నాది!"

"నా ఒక్కడి మీద పొయ్యమంటాను. అందరిదీ. తప్పు నాదని నానే సెప్తాను." అంత పొడుగు మాట అతని నోట ఎవరూ విని ఉండరు. మిగతావాళ్ళంతా ఒకరినొకరు చూసుకున్నారు. ధనుంజయ్ దీనికి కూడా తీర్పు చెప్పాలి కాబట్టి గడ్డం గోక్కున్నాడు.

"ఒప్పుకున్నోడి మీద పొయ్యడం సెల్లుద్ది," అన్నాడు.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. ముందు చిట్టెమ్మ, చంకన కుండ, నెత్తికి తువ్వాలు. సోంబరు గంప మోసుకుంటూ అందరికన్నా ముందు వచ్చి దించాడు. లోపల ఏదో కదిలిన చప్పుడు విని డప్పులు ఒక్క దెబ్బ కొట్టి, సందేహంలో పడి ఆగాయి.

చిట్టెమ్మ గంప ఎత్తి చూసింది. "బతికున్నాయి."

"ఊఁ."

"ఏట బతికుంటాదా ఎక్కడైనా?"

"ఏట కాదు. ఇంటివే. కొట్టలేకపోనాను. ఈళ్ళ తప్పేటీ లేదు, పేడంతా నాకే." ఇక ఆగితే బాగుండేది. కానీ ఏళ్ళ తరబడి మూసి ఉన్న తూము ఒకసారి తెరుచుకుంటే నీరు కొలిచి రాదు. "కిందటేడు కోడి సంతది. ముందటేడుదీ సంతదే. ఆ ముందటేడుది కూడా. బాణం నానే గుచ్చినాను."

వెనక నుంచి కామేష్ మూలిగాడు. "అదెవుడడిగేడు మావా!"

చిట్టెమ్మ మొగుణ్ణి కాసేపు చూసింది. తర్వాత కుండ ఎత్తి పోసింది. విసిరికొట్టలేదు, తల మీద నుంచి మొదలుపెట్టి, చెవులూ మెడా విడిచిపెట్టకుండా, ఓపిగ్గా పోసింది. తర్వాత కామేష్ పెళ్ళాం, తర్వాత ధనుంజయ్ పెళ్ళాం, తర్వాత వరసంతా. పేడ చల్లగా ఉంది. సోంబరు కళ్ళు మూసుకుని, పేరు పోతే ఎలా ఉంటుందో గమనించాడు. దురద పెట్టింది. అంతకుమించి ఏమీ లేదు. ఇన్నేళ్ళూ దీనికా, అనుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఒక ఆడమనిషి మేనేజరును చెవులు పట్టుకుని ఎత్తబోతోంది.

"అలాగట్టుకోకు!" అని అరిచాడు. "ఒక సెయ్యి గుండెల కింద, ఒకటి కూకునే దగ్గిర!" అక్కడి నుంచి ఆగలేదు. ఎండుగడ్డి సంగతి చెప్పాడు. పళ్ళ సంగతి చెప్పాడు, గడ్డం మీద నుంచి పేడ కారుతుంటే తుడుచుకోకుండా. అంబలి పెట్టకూడదని, తడి గోనె కప్పాలని, నొప్పొస్తే చెప్పవు కాబట్టి మనమే కనిపెట్టి చూడాలని, చెవులు వేడెక్కితే ఏం చెయ్యాలో, కోపం వస్తే కాలు ఎలా చరుస్తాయో. ఆడవాళ్ళు కుండలు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని విన్నారు.

చిట్టెమ్మ కుండ పక్కన పెట్టి గంప దగ్గర గొంతుక్కూర్చుంది. తడి చేతిని పైటకు తుడుచుకుని, బూడిదరంగు ఆడకుందేలును, ఒక చెయ్యి గుండెల కింద, ఒక చెయ్యి కూర్చునే దగ్గర పెట్టి, సరిగ్గా ఎత్తింది.

"ఒకటి నాకియ్యి," అంది.

ఆరేళ్ళలో ఆమె అతన్ని అడిగిన మొదటి వస్తువు. సోంబరు ఆలోచించాడు.

"ఇయ్యను."

"ఏటి?"

"నీకు కుక్కుంది."

"గొలుసేసి కట్టెత్తాను."

"కట్టెత్తావా? తెల్లార్లూ?"

"కట్టెత్తానంటే కట్టెత్తాను. ఇయ్యి."

"అయినా ఒకటియ్యను," అన్నాడు సోంబరు. "రెండు తీస్కో. ఒంటిగా పెడితే బతకవివి. పైకి బాగానే ఉంటాయి. మూల కూకుని లోపల్లోపల తిండి మానేత్తాయి. మనకి తెలీదు."

చిట్టెమ్మ అతన్ని చూసింది. మాట ఎవరి గురించో తేల్చుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. కుందేలును జాగ్రత్తగా గంపలో దించి, పక్కావిడ చేతిలో ఇంకా సగం మిగిలిన కుండ లాక్కుని, ఆ సగం కూడా అతని నెత్తిన బోర్లించింది.

"రెండోది కూడా ఆడదే ఇయ్యి," అంది.